రెండోసారి కొలిస్తే

ఆసుపత్రిలో అతన్ని అందరూ గీతలాయన అనేవారు. గుండె విభాగంలో ఇ.సి.జి. తీసే పని అతనిది. ఇరవై ఏడేళ్ళుగా అదే గది, అదే కిటికీ. యంత్రం మాత్రం మూడుసార్లు మారింది. ఆ పేరు మొదట వెక్కిరింతగానే పుట్టింది. ఎవరైనా టీకి పిలిస్తే కాగితం మీంచి తలెత్తకుండా "ఈ గీతలు చూసేసి వస్తా" అనేవాడు. టీ చల్లారిపోయేది. పోనుపోను వెక్కిరింత పోయి పేరు మిగిలింది. కొత్తగా చేరిన డాక్టర్లు కూడా అంతుపట్టని గీత చేతికొస్తే, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని, "గీతలాయనా, ఇదేంటో కాస్త చూసిపెట్టు" అని మెల్లగా అడిగేవారు.

చదువు పెద్దగా లేదు. పన్నెండేళ్ళ వయసులో తల్లీ తండ్రీ ఒకే ఏడాది పోతే అక్క తనతో తీసుకెళ్ళింది. అక్కకి పెళ్ళయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. "కాపురానికి వస్తూ తమ్ముణ్ణి కూడా తెచ్చుకుంది" అని బావ తరఫువాళ్ళు మూతి విరిస్తే బావ ఒక్క మాట అన్నాడట: "మా ఇంట్లో ఒక మంచం ఖాళీగా ఉంది. మీకేమైనా కావాలా?" ఆ తర్వాత ఎవరూ నోరెత్తలేదు. బావ సిటీ బస్సు డ్రైవరు. సైకిలు తొక్కడం నేర్పింది బావే. మొదటిసారి గడ్డం గీసుకుంటూ చెంప కోసుకుంటే దూది అంటించి నవ్వింది బావే. పద్దెనిమిదేళ్ళు రాగానే, తన బస్సెక్కే హెడ్ నర్సుని నెలరోజులు వదలకుండా బతిమాలి, ఆసుపత్రిలో స్ట్రెచర్లు తోసే పనిలో పెట్టించింది కూడా ఆయనే.

స్ట్రెచరు తోసుకుంటూ ఇ.సి.జి. గది గుమ్మంలో నిలబడిపోయేవాడు. అక్కడ పనిచేసే పెద్దావిడ ఒకరోజు విసుక్కుని, "నిలబడి చూసేదేంటి, లోపలికొచ్చి చూడు" అంది. ఆవిడ చేతిలో రెండు ముళ్ళ కంపాసు ఉండేది. ఒక ముల్లు ఒక దెబ్బ మీద, రెండోది పక్క దెబ్బ మీద పెట్టి, ఆ ఎడాన్ని అలాగే జరుపుకుంటూ కాగితం చివరిదాకా నడిపించేది. గుండె కొట్టుకోవడాన్ని ఆవిడ "దెబ్బ" అనేది; అతనికీ ఆ మాటే అలవాటైంది. రెండేళ్ళకి ఆవిడ రిటైరవుతూ కంపాసు అతని చేతిలో పెట్టి వెళ్ళింది. కంప్యూటర్లు వచ్చాక అవసరం లేకపోయినా దాన్ని చొక్కా జేబులోంచి తియ్యలేదు. ఉతికేటప్పుడు దాని ముళ్ళు గుచ్చుకుని అతని భార్య ఎన్నిసార్లు చివాట్లు పెట్టిందో లెక్కలేదు.

గుండె గడియారంలా కొట్టుకోదు. ఊపిరి పీల్చినప్పుడు కాస్త తొందరపడుతుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం సెకనులో వెయ్యో వంతుల లెక్కన మారుతూనే ఉంటుంది. ఆ మార్పు ఎంతుందో చెప్పే అంకెనే హెచ్చార్వీ అంటారు. అంకె పెద్దదైతే మనిషి తేరుకుని ఉన్నాడనీ, చిన్నదైతే అలసిపోయాడనీ పైపైన చెప్పే మాట. లోపలి సంగతి గీతలాయనకి తెలుసు. పడుకుంటే ఒక అంకె, కూర్చుంటే ఇంకొకటి. కాఫీ తాగితే ఒకటి, నిద్ర చాలకపోతే మరొకటి. కొలుస్తుండగా పక్క గదిలో తలుపు దడాలుమంటే అదీ అంకెలోకి ఎక్కుతుంది. అన్నిటికన్నా దగా చేసేవి, వేళకి ముందే వచ్చి పడే దెబ్బలు. వాటికి తొందర దెబ్బలు అని పేరు పెట్టుకున్నాడు. అయిదు నిమిషాల గీతలో అవి రెండు మూడున్నా అంకె ఉబ్బిపోయి, నీరసపు గుండె కూడా కుర్రగుండెలా కనబడుతుంది. అందుకే అతను ఒక్కో దెబ్బనీ కళ్ళతో చూసి, తొందర దెబ్బలు ఏరి పక్కన పడేసి, అప్పుడు లెక్క కట్టేవాడు. బియ్యంలో రాళ్ళేరే పని అని భార్య అనేది.

ఒక ఏడాది బావ పనిచేసే బస్సుల కంపెనీ డ్రైవర్లందరికీ చేతిపట్టీలు ఇచ్చింది. నల్ల రబ్బరు పట్టీ, అడుగున ఆకుపచ్చ దీపం. నిద్రలో అది మణికట్టు దగ్గర నెత్తురు పారే తీరు చూసి, తెల్లారేసరికి ఒక అంకె చూపిస్తుంది. అలసిపోయిన డ్రైవరు ఎవరో దాన్నిబట్టి ముందే పట్టేసి స్టీరింగు దగ్గరికి రానివ్వకూడదని కంపెనీ ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. అంతకుముందు ఏడాది ఒక డ్రైవరు కునుకు తీసి బస్సుని గోడకి గుద్దాడు, ఇద్దరు చనిపోయారు. కంపెనీలో భద్రత చూసే అధికారిణికి అప్పట్నించీ కంటి మీద కునుకు లేదని చెప్పుకునేవారు. ఆవిడే ఆసుపత్రికి వచ్చి అడిగింది: "ఈ అంకె నమ్మదగిందో కాదో మీరు పరీక్షించి చెప్పండి."

పని గీతలాయన మీద పడింది. నలభై రెండు మంది డ్రైవర్లు. ఒక్కొక్కరికీ రెండుసార్లు కొలవాలి. మధ్యలో సరిగ్గా వారం. అదే మంచం, అదే వేళ, అంతకుముందు కాఫీ సిగరెట్టు లేకుండా, పది నిమిషాలు కదలకుండా పడుకున్నాక అయిదు నిమిషాల గీత. చేతికి పట్టీ కూడా ఉండేది, రెండూ ఏపాటి కలుస్తాయో చూడడానికి. ఆ నెలరోజులూ తలుపు మీద "చప్పుడు చేయకండి" అని కాగితం అంటించి, ఫోను తీగ పీకేసి, వార్డు ఆయాలు చెప్పులతో టపటపలాడుతూ వెళ్తుంటే వేలు పెదవుల మీద పెట్టి బతిమాలేవాడు. వచ్చిన అంకెల్ని కంప్యూటర్లోకి ఎక్కించడమే కాకుండా ఒక రూళ్ళ నోటుపుస్తకంలో పక్కపక్కనే రెండు వరుసలుగా రాసుకున్నాడు.

రెండో వరుస పూర్తయిన రోజు పుస్తకం ముందు పెట్టుకుని రెండు వరుసలూ పోల్చి చూశాడు. మొదటి డ్రైవరుకి మొదటిసారి ముప్పయ్యెనిమిది, వారం తర్వాత ఇరవయ్యొకటి. ఇంకొకతనికి పంతొమ్మిది, తర్వాత నలభై నాలుగు. మనిషి మారలేదు, మంచం మారలేదు, కొలిచిన చెయ్యి మారలేదు. నలభై రెండు మందిలో రెండుసార్లూ దగ్గర దగ్గరగా వచ్చినవాళ్ళు పద్నాలుగు మంది. చేతిపట్టీ అంకెలైతే ఇంకా అన్యాయం.

పెద్ద డాక్టరు దగ్గరికి పుస్తకం పట్టుకెళ్ళాడు. ఆయన చెడ్డమనిషి కాదు. గీతలాయన కూతురి చదువుకి సిఫార్సు ఉత్తరం అడక్కుండానే రాసిచ్చినవాడు. కంప్యూటరు తెర ఇటు తిప్పి చూపించాడు.

"మొదటిసారి అందరి సగటు ముప్పయ్యొకటి. రెండోసారి సగటు ముప్పయ్యొకటికి ఇంచుమించు. అచ్చు గుద్దినట్టుంది కదయ్యా."

"సగటు కలుస్తుంది సార్. కొందరికి పెరిగింది, కొందరికి తగ్గింది. రెండూ కొట్టుకుపోయాయి."

"కొట్టుకుపోవాలిగా మరి. అదేగా లెక్క."

"సగటుకి స్టీరింగు ఇవ్వరు కదా సార్. మనిషికిస్తారు, మనిషి దగ్గర్నించే లాక్కుంటారు."

డాక్టరు కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నాడు. "నువ్వన్నది తప్పని నేననట్లేదు. కానీ వాళ్ళడిగింది మొత్తమ్మీద పనికొస్తుందా అని. మొత్తమ్మీద పనికొస్తుంది. నీ మాట కూడా ఒక వాక్యం రాస్తాలే."

రాశాడు కూడా. తొమ్మిదో పేజీలో, చిన్నక్షరాల్లో, ఒక్క వాక్యం: ఏ ఒక్క వ్యక్తి విషయంలోనైనా ఈ అంకెను జాగ్రత్తగా అన్వయించుకోవాలి. కంపెనీవాళ్ళు మొదటి పేజీ చదివి సంబరపడ్డారు. నెలలో పదిరోజులు ఇరవైకి తక్కువొస్తే ఆ డ్రైవర్ని బండి దించాలని నిబంధన పెట్టారు.

దిగినవాళ్ళలో బావ ఒకడు. యాభై ఏడేళ్ళ వయసు, ముప్పై అయిదేళ్ళ సర్వీసు, బండి మీద చిన్న గీత పడిన దాఖలా లేదు. డిపోలో ఆయన్ని అందరూ నిమిషం అని పిలిచేవారు. ఆయన బస్సు ఒక్క నిమిషం అటూ ఇటూ అయ్యేది కాదు. ఆ నెల ఆయన అంకెలు పద్నాలుగు, పదిహేడు, పన్నెండు, మళ్ళీ పద్నాలుగు. ఆ వయసులో అంకె సహజంగానే తగ్గుతుంది. అది గీతలాయనకి తెలుసు, తొమ్మిదో పేజీకి తెలుసు. ఇరవై అనే గీత గీసినవాళ్ళకి మాత్రం తెలియదు.

అతను సెలవు పెట్టి నోటుపుస్తకం చంకలో పెట్టుకుని డిపోకి వెళ్ళాడు. అధికారిణి గది మెట్ల పైన ఉంది; కింద కడుగుతున్న బస్సుల నీళ్ళు చింది దాని కిటికీ అద్దం మీద మచ్చలు కట్టాయి. ఆవిడ ఓపిగ్గానే వింది. పుస్తకం పేజీలు కూడా తిప్పింది.

"ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకండి," అంది చివరికి. "మీరు ఆసుపత్రి తరఫున వచ్చారా, మీ బావగారి తరఫున వచ్చారా?"

"అంకెల తరఫున వచ్చానండి."

"మీ ఆసుపత్రి రిపోర్టులో నమ్మదగిందనే ఉంది. దాని మీద సంతకం మీ పెద్ద డాక్టరుగారిది. కింద మీ పేరు కూడా ఉంది, కొలిచినవారు అని." గొంతు తగ్గించింది. "రేపు మళ్ళీ ఏదైనా అయితే, అంకె తక్కువుందని తెలిసి కూడా ఎందుకు వదిలావని నన్నే అడుగుతారు. అంకె తప్పయి ఉండొచ్చు అని నేను చెప్తే ఎవరైనా వింటారా?"

అతను పుస్తకం మళ్ళీ చంకలో పెట్టుకున్నాడు. మెట్లు దిగి వచ్చేశాడు.

బావని పోయిన వస్తువుల గదిలో వేశారు. బస్సుల్లో జనం మరిచిపోయినవన్నీ అక్కడికి చేరతాయి. గొడుగులు, ఒంటి చేతితొడుగులు, టిఫిను డబ్బాలు, ఒకసారి ఎవరివో కట్టుడుపళ్ళు. ప్రతిదానికీ చీటీ కట్టి అరలో పెట్టడం బావ పని. "పళ్ళు మరిచిపోయినవాడు ఇంటికెళ్ళి ఏమని చెప్పుంటాడ్రా?" అని మొదటి వారం నవ్వాడు. రెండో వారానికి నవ్వు తగ్గింది. మూడో నెలకి ఆయన ఇంట్లో కూడా చీటీ కట్టిన వస్తువులా ఒక మూల కూర్చోవడం మొదలెట్టాడు. పొద్దున లేవగానే అక్క అడిగే మొదటి మాట "ఎంత?" అనే. ఆయన చెయ్యి తిప్పి చూపించేవాడు. కాఫీ మానేశాడు. రాత్రి ఎనిమిదికల్లా పడుకునేవాడు. ఎవరో చెప్పారని రోజుకి గంటసేపు ముక్కు మూసుకుని ఊపిరి లెక్కపెట్టేవాడు. అంకె ఒకరోజు ఇరవై రెండుకి ఎక్కి ఆశపెట్టి, మర్నాడు పదమూడుకి పడిపోయేది.

"దాన్ని పట్టించుకోకు బావా," అనేవాడు గీతలాయన వెళ్ళినప్పుడల్లా. "నీ గుండె అక్కడే ఉంది. కొలతే అటూ ఇటూ గెంతుతోంది. నలభై మందిని నా చేత్తో కొలిచాను, నాకు తెలుసు."

"అబద్ధం అంటావ్."

"అబద్ధమే."

ఆ మాట బావకి మందులా పనిచేసేది. మర్నాడు డిపో క్యాంటీన్లో నలుగురినీ పోగేసి, "మా బామ్మర్ది ఆసుపత్రిలోనే చేస్తాడు. ఇదంతా ఒట్టి బూటకం అని చెప్పాడు" అని ఛాతీ విరుచుకుని చెప్పేవాడట.

అలా ఏడు నెలలు గడిచాక ఒక పొద్దున పట్టీ అరవయ్యొకటి చూపించింది. చెడిపోయిందేమో అనుకుని బావ దాన్ని తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. మర్నాడు డెబ్బై నాలుగు. ఆ పైన అరవయ్యెనిమిది, డెబ్బయ్యొకటి. పదకొండు రోజులు వరసగా అరవై దాటింది. డిపోలో నోటీసు బోర్డు మీద ఆయన పేరు పెట్టారు: క్రమశిక్షణతో ఆరోగ్యాన్ని తిరిగి సంపాదించుకున్న సీనియర్ డ్రైవరు. పన్నెండో రోజు స్టీరింగు వెనక్కిచ్చారు. అక్క ఫోను చేసి ఏడుస్తూ నవ్వుతూ చెప్పింది. ఆ హడావిడిలో అంకె ఎంతో మాత్రం చెప్పలేదు, ఇతను అడగలేదు.

ఆదివారం అక్కా బావా భోజనానికి వచ్చారు. బావ కొత్త చొక్కా వేసుకున్నాడు. భోజనానికి కూర్చుంటూ గీతలాయన భార్యతో, "అమ్మా, మీ ఆయన గుండె అంకె ఎంతో అడుగు. నాది డెబ్బై నాలుగు, పందెం కాస్తాడేమో చూడు" అన్నాడు.

వడ్డిస్తున్న గీతలాయన గరిటె గిన్నెలో పెట్టేశాడు. "ఎంతన్నావ్?"

"డెబ్బై నాలుగు. ఒకరోజు డెబ్బయ్యారు కూడా వచ్చింది."

యాభై ఏడేళ్ళ గుండెలో అంకె పద్నాలుగు నుంచి డెబ్బైకి పదిరోజుల్లో ఎగబాకదు. ఊపిరి లెక్కపెడితే ఎగబాకదు, కాఫీ మానితే ఎగబాకదు. అలా ఉబ్బించేవి తొందర దెబ్బలు. లేదా అంతకన్నా పెద్దది: గుండె పై గదులు తాళం తప్పి ఊరికే వణకడం. అప్పుడు ఏ రెండు దెబ్బల మధ్యా ఎడం ఒకలా ఉండదు. వణికే గదిలో నెత్తురు నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకెళ్తే మనిషి పడిపోతాడు. పట్టీకి ఇవేవీ తెలియవు. ఎడాలు మారుతున్నాయి కాబట్టి అంకె పెద్దది, అంకె పెద్దది కాబట్టి గుండె బాగుంది.

చెయ్యి కడుక్కుని వచ్చి, ఏదో సరదాకి అన్నట్టు, బావ మణికట్టు పట్టుకున్నాడు. గోడగడియారం చూస్తూ రెండు నిమిషాలు లెక్కపెట్టాడు. నాడి తాపీగా, సమంగా, మంచి డ్రైవరు తోలినట్టు నడుస్తోంది.

అయినా దాన్నిబట్టి ఏదీ తేలదు. ఈ జబ్బు వచ్చి పోతుంటుంది. నిద్రలో వచ్చి పగలు పోవచ్చు. లేదా అసలు ఏమీ లేకపోవచ్చు. పట్టీ వదులై చేతి మీద జారుతుండొచ్చు.

"బావా, రేపు ఆసుపత్రికి రా. ఒకరోజంతా ఛాతీకి పెట్టుకునే చిన్న డబ్బా ఉంది, అది పెడతాను."

"ఎందుకు?"

"అంత అంకె నాకు నచ్చట్లేదు."

బావ ముద్ద చేతిలోనే పెట్టుకుని చూశాడు. "ఆ డబ్బాలో వచ్చింది కంపెనీకి వెళ్తుందా, వెళ్ళదా?"

గీతలాయన కూర గిన్నె మీద మూత సర్దాడు. ఒప్పందం ప్రకారం డ్రైవర్ల గుండె పరీక్షలన్నీ కంపెనీకి వెళ్తాయి.

"వెళ్తుందన్నమాట. ఏరా, పద్నాలుగు వచ్చినప్పుడు అది అబద్ధం అన్నావు. డెబ్బై వస్తే అదీ అబద్ధమేనా? నా గుండె మీద నీకేం పగరా బామ్మర్దీ?"

"ఆ అంకె ఎప్పుడూ నమ్మదగింది కాదు బావా. అప్పుడూ కాదు, ఇప్పుడూ కాదు."

"నమ్మదగింది కాకపోతే దాని గురించి నీకు భయమెందుకు?"

బావ గెలిచినట్టు నవ్వాడు. పక్కన అక్క నవ్వలేదు. వంటింట్లోకి గిన్నె తీసుకెళ్ళే నెపంతో తమ్ముణ్ణి పిలిచింది. "ఏడు నెలల తర్వాత ఇవాళ ఆయన కడుపునిండా తింటున్నాడు. నీ డబ్బాలూ వైర్లూ తర్వాత. ఇప్పుడు వదిలెయ్ తమ్ముడూ, నా మాట విను."

విన్నాడు. అయినా పూర్తిగా వదిలెయ్యలేదు. వెళ్ళేముందు బావని మెట్ల దగ్గర ఆపి, కంపెనీకి తెలియకుండా తన పేరు మీదే డబ్బా తెచ్చి ఇంట్లోనే పెడతానన్నాడు. బావ విసుక్కుని, గొణుక్కుని, చివరికి తనకి సెలవు పడే పైవారం గురువారానికి ఒప్పుకున్నాడు. పదకొండు రోజుల దూరం. రేపే రమ్మని పట్టుబట్టొచ్చు. కాళ్ళు పట్టుకోవచ్చు. కానీ చేతిలో ఏముంది? ఒక అంకె, అది పనికిరాదని తనే ఊరంతా చెప్పిన అంకె. సమంగా నడుస్తున్న నాడి. గురువారం దాకా ఏం కాదులే అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

ఆ గురువారానికి రెండు రోజుల ముందు, మంగళవారం పొద్దున పదింటికి అత్యవసర వార్డు నుంచి కబురొచ్చింది. యంత్రం బండి తోసుకుంటూ వెళ్ళాడు. గుమ్మంలో నర్సు, "డ్రైవరట, మాట పడిపోయింది" అంది. తెర జరిపాడు.

బావ నోరు ఒక పక్కకి లాగేసి ఉంది. కుడి చెయ్యి మంచం మీంచి వేలాడుతోంది. కళ్ళు మాత్రం అతన్ని గుర్తుపట్టాయి.

చొక్కా గుండీలు తీసి, బిళ్ళలు అంటించి, తీగలు తగిలించాడు. ఆ పని చేతులే చేసుకుపోయాయి. కాగితం బయటికి రావడం మొదలెట్టింది. దెబ్బల మధ్య ఎడాలు ఏ ఒక్కటీ రెండోదానితో పోలడం లేదు. ప్రతి దెబ్బకి ముందూ కనబడాల్సిన చిన్న అల లేదు; పై గదులు వణుకుతున్నాయి. జేబులోంచి కంపాసు తియ్యాల్సిన పని పడలేదు.

జరిగింది తర్వాత తెలిసింది. ఆఖరి స్టాపులో బండి ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, తలుపులు తెరిచాడు. జనమంతా దిగారు. బండి తీసుకోవడానికి వచ్చిన రెండో షిఫ్టు డ్రైవరు "ఏం నిమిషం, దిగవా?" అన్నాడు. బావ ఏదో చెప్పబోతే మాట ముద్దగా వచ్చింది. ఎవరికీ చిన్న దెబ్బ కూడా తగల్లేదు. అధికారిణి ఆసుపత్రికి వచ్చినప్పుడు ఆ మాటే నాలుగుసార్లు అంది. ఆ తర్వాత వరండాలో గోడకి ఆనుకుని ఏడ్చింది. వారం తిరక్కుండా నోటీసు బోర్డు మీంచి ఆయన పేరు తీసేశారు.

గీతలాయన ఊరుకోలేకపోయాడు. పట్టీ తయారుచేసిన వాళ్ళకి పెద్ద డాక్టరు చేత ఉత్తరం రాయించాడు. ఆ పదకొండు రాత్రుల అంకెలు కాదు, వాటి వెనకున్న ఎడాలు, దెబ్బ దెబ్బకీ వివరాలు కావాలని. అవి చూస్తే అరగంటలో తేలిపోతుంది, ఆ రాత్రుళ్ళు గుండె నిజంగా వణికిందో, పట్టీయే జారిందో. ఆరు వారాలకి జవాబొచ్చింది. పట్టీ దెబ్బల వివరాలు దాచుకోదు. తెల్లారాక అంకె ఒక్కటి ఉంచుకుని మిగతాది చెరిపేస్తుంది. ఈ పట్టీ సాధారణ ఆరోగ్యం పట్ల ఆసక్తి కోసమే తప్ప జబ్బులు కనిపెట్టడానికి కాదని చివర్లో రాశారు.

"బహుశా ఆ పొద్దునే మొదలై ఉండొచ్చయ్యా," అన్నాడు పెద్ద డాక్టరు ఉత్తరం మడిచి ఇస్తూ. "ఎవరు చెప్పగలరు?"

"గురువారానికి ఒప్పుకున్నాడు సార్. మంగళవారం పడిపోయాడు."

డాక్టరు అతని భుజం మీద చెయ్యి వేశాడు. రిపోర్టు వెనక్కి తీసుకుందామని గీతలాయన అడిగాడు. అందులో తప్పు అంకె ఒక్కటీ లేదు, ఏమని వెనక్కి తీసుకుంటామని ఆయన అడిగాడు. అదీ నిజమే. అంకెలన్నీ గీతలాయన కొలిచినవే, ఒక్కోటీ ఏరి శుభ్రం చేసినవే. మొదటి పేజీ చదివిన ఇంకో రెండు కంపెనీలు ఆ ఏడాదే పట్టీలు కొన్నాయి. కొత్తగా రెండొందల మంది డ్రైవర్లని కొలిచే పని మళ్ళీ ఆ గదికే వచ్చింది. తను చెయ్యనన్నాడు. అతను చెయ్యకపోతే మొన్న చేరిన అమ్మాయి చేస్తుందన్నారు. ఆ అమ్మాయికి తొందర దెబ్బలు ఏరడం ఇంకా రాదు. చివరికి తనే చేశాడు. తలుపు మీద కాగితం అంటించి, ఫోను తీగ పీకేసి, రెండు వరుసలూ రాసుకున్నాడు. ఈసారీ అంతే. ఆ పుస్తకం ఎవరూ అడగలేదు, అతనూ ఎవరికీ చూపించలేదు.

బావకి మాట రాలేదు. ఒక్క "కాదు" మాత్రం మిగిలింది. దాహం వేసినా కాదు, ఆకలేసినా కాదు, కిటికీ తెరవమన్నా కాదు. ఏ కాదుకి ఏ అర్థమో అక్క ముఖం చూసి పట్టేది, ఒక్కోసారి పట్టలేక ఇద్దరూ అలిసిపోయి కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. మొదటి ఆరు నెలల్లో వచ్చిందే వచ్చినట్టు, ఆపైన ఆశ పెట్టుకోవద్దని వ్యాయామం చేయించే ఆవిడ చెప్పింది. ఎనిమిదో నెల నడుస్తోంది. కుడిచేతి వేళ్ళు ముడుచుకుపోయి ఉన్నాయి.

గీతలాయన రోజూ డ్యూటీ దిగి అక్కడికే వెళ్తాడు. బావని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పాలి, లేకపోతే వీపు పుండు పడుతుంది. అక్క ఒక్కదానివల్ల కాదు. మొన్నొకరోజు తిప్పడానికి దుప్పటి అంచు పట్టుకుంటూ అక్క ఉన్నట్టుండి అంది:

"నువ్వు చెప్పిన రోజే వచ్చుంటే ఇలా అయ్యేది కాదేమో అనుకుంటాను."

అతను దుప్పటి రెండో అంచు చేతికి చుట్టుకున్నాడు.

"మళ్ళీ, దాన్ని నమ్మొద్దని చెప్పింది కూడా నువ్వే కదా అనుకుంటాను. ఆరోజు నిన్ను వంటింట్లోకి పిలిచి నోరు మూయించింది నేనే కదా అనీ అనుకుంటాను. ఎటు తిప్పినా ఎక్కడా తేలట్లేదు తమ్ముడూ."

ఆ గొంతులో కోపం ఉంటే బాగుండునని అతనికనిపించింది. లేదు. అతను ఏమంటాడో అని కూడా ఆవిడ చూడలేదు. "భుజం దగ్గర పట్టుకో" అంది. పట్టుకున్నాడు. బావ బరువు తగ్గలేదు, పెరిగింది. మూడు లెక్కపెట్టి ఇద్దరూ కలిసి ఆయన్ని గోడవైపు తిప్పి, వీపు వెనక దిండు పెట్టారు. బావ గోడవైపు చూస్తూ "కాదు" అన్నాడు. దిండు సరిగ్గా లేదేమోనని అతను కొంచెం జరిపాడు. బావ మళ్ళీ "కాదు" అన్నాడు.

ఏం కాదో ఇద్దరికీ తెలియలేదు. రెండు గంటలాగి మళ్ళీ ఇటు తిప్పాలని, అతను చెప్పులు విప్పి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.